పై అంతస్తుకు కమ్మీలు వదిలారు, కింద పడకగది మరిచారు

నెల్లూరు జిల్లా సంగం నుంచి ఆత్మకూరు వైపు వెళ్లినా, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా నెల్లూరు దిక్కు వచ్చినా, రోడ్డు పక్కన కట్టిన కొత్త ఇళ్ల మీద ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. శ్లాబు పైన పిల్లర్ల కమ్మీలు రెండు మూడడుగులు పైకి లేచి ఉంటాయి. కొడుక్కి పెళ్లయితే పైన ఒక వాటా వేయొచ్చని, చేతిలో డబ్బు ఆడితే అద్దెకిచ్చుకోవచ్చని వదిలినవి. పదేళ్ల తర్వాతో పదిహేనేళ్ల తర్వాతో రాబోయే అవసరానికి ఈ రోజే ఇనుము కొని, వానకు తుప్పు పట్టకుండా దానికి సిమెంటు పాలు పూసి కాపాడుకునే మనుషులకు ముందుచూపు లేదని ఎవరూ అనలేరు.

అదే ఇంట్లోకి అడుగుపెడితే మాత్రం ఆ ముందుచూపు ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. పెద్దావిడ బాత్రూముకు పోవాలంటే రెండు గడపలు దాటాలి. పడమటి గదిలో మే నెల రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేరు. నవంబరు వానకు తూర్పు కిటికీ కింద మంచం తడుస్తుంది. ఇన్వర్టర్ తెచ్చాక గానీ దానికి వేరే వైరు లాగలేదన్న సంగతి గుర్తుకు రాదు. గృహప్రవేశమైన రెండు మూడేళ్లకు ఇల్లు కట్టుకున్నవాళ్లతో కూర్చుని మాట్లాడితే, హాలు ఇంకా పెద్దది కట్టాల్సిందనో, గ్రానైటు ఇంకా ఖరీదైనది వేయాల్సిందనో అనేవాళ్లు అరుదు. వాళ్లు చెప్పేవన్నీ పునాదికి ముగ్గు పోసేనాడో, ప్లాస్టరింగుకు ముందురోజో తేలిగ్గా అయిపోయే పనులు. ప్లాస్టరింగు అయ్యాక అవే పనులకు గోడలు పగలగొట్టాలి.

ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే. సొంత ఇంటికి పెట్టే డబ్బులో మొదటి వంతు తర్వాత చేర్చలేని వాటికి పోవాలి. ఎలివేషన్, ఫాల్స్ సీలింగ్, సింహద్వారం మీద చెక్కడపు పని, పాలిష్ బండలు తర్వాత ఎప్పుడైనా వస్తాయి. ఇంటి మట్టం, సజ్జ, వాలు, తలుపు వెడల్పు, గోడలో పోయే గొట్టాలు తర్వాత రావు. సంగం లాంటి చోట, ఒక పక్క పెన్న, మరో పక్క బీరాపేరు వాగు, చుట్టూ కాలువల కింద వరిమాగాణి ఉన్న నేల మీద, ఈ వరస తప్పితే కలిగే నష్టం మరీ ఎక్కువ.

ముందు మట్టం సంగతి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను జిల్లా ఇంకా మరిచిపోలేదు. సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి చెన్నై–విజయవాడ రైళ్లు ఆగిపోయాయి. కోవూరు దగ్గర జాతీయ రహదారి కోతకు గురై లారీలు బారులు తీరాయి. నది ఒడ్డు ఊళ్లలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది, 2022 సెప్టెంబరు 6న, 19వ శతాబ్దపు పాత ఆనకట్ట బాధ్యతను అందుకుంటూ సంగం బ్యారేజీ ప్రారంభమైంది. కాలువలకు అది కొండంత అండ. అయితే బ్యారేజీ పని నీటిని మళ్లించడం. 5 లక్షల క్యూసెక్కుల వరదను కడుపులో దాచుకునే జలాశయం కాదది. నది పక్కన ఇల్లు కట్టేవాళ్లు తమ బేస్‌మట్టం లెక్క తామే వేసుకోవాలి.

లెక్క మామూలుగా ఎలా వేస్తారు? ఎదురుగా ఉన్న రోడ్డుకు రెండడుగుల పైన అని మేస్త్రి అంటాడు, అందరూ సరేనంటారు. జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే సుమారు అడుగున్నర ఎత్తు ఉండాలంటుంది. చిక్కు ఎక్కడంటే, రోడ్డు ఒకే ఎత్తులో నిలవదు. తారు రోడ్డు మీద తారు, దాని మీద సిమెంటు, ఇంకో ఎన్నికల ముందు ఇంకో పొర. ఇరవై ఏళ్లలో రోడ్డు ఇంటి మెట్లను ఒక్కొక్కటిగా మింగుతుంది. పాత వీధుల్లో అరుగులు రోడ్డు కిందికి దిగిపోయిన ఇళ్లను చూస్తే ఇది అర్థమవుతుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లే ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్తారు. వానాకాలంలో వీధి కాలువ పొంగి వసారాలోకి వస్తుంది.

దీనికి ఇంటివాళ్ల చేతిలో ఉన్న మందు సగమే. మిగతా సగం రోడ్డు వేసేవాళ్ల చేతిలో ఉంది. పొరుగున తమిళనాడు ప్రభుత్వం 2021లోనే, కొత్త పొర వేసే ముందు పాత పొరను చెక్కి తీసేయాలని, రోడ్డు ఎత్తు పెరగకూడదని అధికారులను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి పంచాయతీ అడగాల్సిన పని ఇది. సిమెంటు రోడ్డు మంజూరైందని సంబరపడే రోజునే, దాని ఎత్తు ఎంతని కూడా నలుగురు అడగాలి.

ఇంటివాళ్ల వంతు మాత్రం తేలికే. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, అంతకుముందు 2015 నవంబరు వానలకు ఎక్కడ నిలిచాయో వేలు పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకు పైన బేస్‌మట్టం ఉండాలి. బేస్‌మట్టం బెల్టు మీద చెమ్మ ఎక్కకుండా పొర వేయాలి. కాలువల్లో నీళ్లు పారినన్నాళ్లు ఈ నేలలో తడి పైకి వస్తూనే ఉంటుంది. గోడ అడుగున రెండు మూడడుగుల మేర రంగు పొట్టు రాలి, ఉప్పు పూసే ఇళ్లన్నీ ఈ పొర వేయనివో, సరిగ్గా వేయనివో. పునాదికి చెదల మందు కొట్టడం కూడా అప్పుడే జరగాలి. టేకు ద్వారబంధానికి చెద పట్టాక తలుపు మార్చవచ్చు గానీ, కింద నేలలోని పుట్టను ఏం చేయగలరు?

ఇక వాన ఎటునుంచి వస్తుందన్న ప్రశ్న. వింతగా తోచినా, నెల్లూరు జిల్లాలో ఇల్లు కట్టేవాళ్లు వేసుకోవాల్సిన ముఖ్యమైన ప్రశ్నల్లో ఇదొకటి. తెలుగు నేలలో ఎక్కువ భాగానికి వాన నైరుతి రుతుపవనాల వాన, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరుకు మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. అంటే జల్లు తూర్పు నుంచి, ఉత్తరం నుంచి కొడుతుంది. వాస్తు ప్రకారం తెరిపిగా, కిటికీలతో ఉంచే దిక్కులు కూడా సరిగ్గా అవే. వెలుతురుకు, ఎండాకాలం సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలికి ఈ కిటికీలు కావాల్సిందే. తప్పు కిటికీలో లేదు, సజ్జలో ఉంది. హైదరాబాదులో గీయించిన ప్లానునో, ఫోన్‌లో చూసిన ఎలివేషన్‌నో తెచ్చి ఇక్కడ కడుతున్నారు. నున్నటి డబ్బా లాంటి ముఖభాగం బాగుందని సజ్జలు తీసేస్తున్నారు. ఉన్నా తొమ్మిది అంగుళాలకు మించవు. కనీసం రెండడుగులు బయటికి వచ్చి, రెండు పక్కలా కూడా కిటికీ దాటి సాగి, కింది అంచున నీరు వెనక్కి పాకకుండా సన్నటి గాడి ఉన్న సజ్జ ఈ జిల్లాకు కావాల్సినది. ఆ గాడి తీయడం ప్లాస్టరింగు మేస్త్రికి పూటలో అయ్యే పని. అది లేకపోతే సజ్జ అంచు నుంచి నీరు గోడ వెంట దిగి, కిటికీ పైన చారలు కడుతుంది.

తుపాను గాలి లెక్క కూడా ఉంది. భారత ప్రమాణాల పటంలో నెల్లూరుకు రాసిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. శ్లాబు ఇంటికి దానితో పెద్ద భయం లేదు. భయమంతా మిద్దె మీద బట్టలారేయడానికి, వడియాలు పెట్టుకోవడానికి తర్వాత వేసే రేకుల షెడ్డుతోనే. నాలుగు పైపులు పిట్టగోడకు బిగించి వేసిన షెడ్డు, గాలి లేస్తే ఎవరి మీద పడుతుందో తెలియదు. షెడ్డు ఆలోచన ఉంటే శ్లాబు పోసే రోజునే దానికి బోల్టులు దింపించుకోవాలి. పై అంతస్తు పిల్లర్లకు వదిలిన కమ్మీలు ఎటూ ఉన్నాయి. వాటి పక్కన ఇంకో నాలుగు బోల్టులు వదలడానికి ఎంతవుతుంది?

ఎండ దగ్గరికి వస్తే, సంగం ఉన్నది సుమారు 14.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ ఆఖరున, మే మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ తర్వాత రోహిణీ కార్తె దాటేదాకా కూడా పెద్దగా పక్కకు తొలగడు. అంటే పగలంతా కాగేది మిద్దె. మధ్యాహ్నం దాటాక కాగేది పడమటి గోడ, దానికి తోడు పడమటి వడగాలి. ఈ రెండింటిని కాచుకుంటే చాలు, ఇంటి వేడిలో పెద్ద భాగం తగ్గుతుంది. పాతవాళ్లు కాచుకున్నారు. పెంకుటింట్లో వేడిగాలి పెంకుల సందుల్లోంచి పైకి పోయేది. మద్రాస్ టెర్రేస్ మిద్దెల్లో టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో మందంగా వేసిన కప్పు, వేడి లోపలికి దిగేలోపు సాయంత్రం అయ్యేలా చేసేది. మండువా లోగిలి నడిమధ్య తెరిపిగా ఉండి గాలి లాగేది. ఇప్పటి అయిదంగుళాల సిమెంటు శ్లాబు పగలంతా ఎండ తాగి, మనుషులు పడుకునే వేళకు ఆ వేడిని లోపలికి వదులుతుంది.

శ్లాబును తిట్టి ప్రయోజనం లేదు. తుపాను జిల్లాలో శ్లాబు ఇచ్చే భద్రత చిన్నది కాదు, పూరిల్లు ఎగిరిపోయిన రాత్రి చూసినవాళ్లకు అది బాగా తెలుసు. శ్లాబు మీద ఏం వేస్తారన్నదే అసలు మాట. తెల్లటి చల్లదనపు టైల్సు, లేదా ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత, అదీ కుదరకపోతే ప్రతి మార్చిలో సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలాంటి కప్పును తప్పనిసరి చేసింది. వేడికి హైదరాబాదు కంటే ఎక్కువ అల్లాడేది నెల్లూరు. ఈ విధానం అవసరం ఇక్కడ ఇంకా ఎక్కువ. కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ అర్ధశతాబ్దం కిందటే, శ్లాబు అడుగుభాగంలో కాంక్రీటు అవసరం లేనిచోట పాత పెంకులు పెట్టి పోయించేవారు. సిమెంటు తగ్గేది, వేడి తగ్గేది. పెంకుటిల్లు పడగొట్టి శ్లాబు ఇల్లు కట్టే ప్రతి కుటుంబం దగ్గరా ఆ పెంకులు గుట్టగా ఉంటాయి. వాటిని ట్రాక్టరుకెత్తి పల్లంలో పోసేముందు ఒక ఇంజినీరును అడిగితే మంచిది. కమ్మీల కట్టుబడి లెక్క తెలిసినవాళ్లు చేయాల్సిన పని కాబట్టి మేస్త్రి ఊహకు మాత్రం వదలకూడదు.

పడమటి గోడకు వాస్తు ఇక్కడ తోడొస్తుంది. నైరుతిలో బరువు ఉండాలని మెట్లు, సామాను గది అటు పెట్టిస్తారు. ఎండ లెక్క ప్రకారం కూడా అది సరైన పనే. పడుకునే గదికీ ఎండకూ మధ్య మెట్లో, స్టోర్ రూమో, బాత్రూమో అడ్డం ఉంటే గది చల్లబడుతుంది. మాస్టర్ బెడ్‌రూమే నైరుతిలో ఉండాలని పట్టుబడితే, ఆ గోడకు బయట వరండానో, తీగ పాకించిన పందిరో, కనీసం ఒక వేపచెట్టుకు జాగానో వదలాలి. గోడ పైభాగంలో ఉండే వెంటిలేటర్లు ఫాల్స్ సీలింగ్ వచ్చాక మాయమయ్యాయి. వేడిగాలి పైకే పోతుంది, పోయే దారి అదే. దాన్ని మూసి ఏసీ కొంటున్నారు.

వరిమాగాణి నడుమ ఊళ్లకు దోమల జాలీ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా కిటికీ చట్రం చేయించేటప్పుడు జాలీ తలుపుకు రెండో గాడి తీయించడం మరిచిపోతారు. తర్వాత మేకులతో కొట్టిన జాలీ రెండో వానాకాలానికి ఊడిపోతుంది, కిటికీ తెరవడానికీ మూయడానికీ అడ్డమవుతుంది. చివరికి కిటికీలే మూసేస్తారు. అంత ఖర్చు పెట్టి గాలి దిక్కు చూసి పెట్టించిన కిటికీలు సాయంత్రం అయిదింటికే మూతపడటం ఎంత నష్టం.

ఇన్ని చెప్పినా, మనసు ఎక్కువ నొచ్చే విషయం ఇంకొకటి ఉంది. అది ఇంట్లో ముసలివాళ్ల సంగతి.

ఈ ప్రాంతపు కొత్త రెండంతస్తుల ఇళ్లలో చాలావాటికి డబ్బు బెంగళూరు నుంచో, హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో వచ్చింది. పిల్లలు అమ్మానాన్నల కోసమే కట్టించారు. వీడియో కాల్‌లో శ్లాబు పోయడం చూశారు, టైల్సు ఎంచారు. డూప్లెక్స్ అన్నారు. హాలులోంచి మెట్లు, పైన బాల్కనీతో పెద్ద పడకగది, దానికి మంచి బాత్రూము. కింద అతిథుల గది, ఒక మామూలు మరుగుదొడ్డి. అమ్మానాన్నలకు అరవై దాటాయి. ఒకరికి మోకాళ్లు, ఒకరికి షుగరు. మొదటి ఏడాది మెట్లెక్కారు. రెండో ఏడాదికి హాలులో మంచం వేసుకున్నారు. పైన పడకగది సంక్రాంతికి వచ్చే పిల్లల కోసం తాళం వేసి ఉంటుంది. ఇందులో ఎవరి ప్రేమకూ లోటు లేదు. కొడుకులూ కూతుళ్లూ ఎంత తపనతో కట్టించారో ఊరంతా చూసింది. ప్లాను గీసిన రోజు ‘నాయనా, రాత్రి రెండింటికి నువ్వు లేచి ఎటు నడుస్తావు’ అని అడిగేవాళ్లే లేకపోయారు.

కింద ఒక పడకగది, దానికి ఆనుకుని బాత్రూము, అందులో కూర్చునే కమోడు. తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు. బాత్రూము తలుపులు మామూలుగా రెండున్నర అడుగులకు మించి పెట్టరు. వాకర్‌తోనో, చక్రాల కుర్చీతోనో, పక్కన పట్టుకుని నడిపించే మనిషితోనో ఆ సందులోంచి పోవడం కుదరదు. కమోడు పక్కన, స్నానం చేసేచోట పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. కడ్డీ ఈ రోజు బిగించకపోయినా పర్వాలేదు, అది బిగించబోయే చోట గోడ గట్టిగా ఉండాలి. తడిస్తే జారని గరుకు టైల్సు. స్విచ్చు మంచం మీంచే అందాలి. ఇవన్నీ కలిపినా సింహద్వారపు టేకు ఖర్చులో ఎంతో కాదు.

ఇక్కడ ఒక నిజమైన ఇరకాటం ఉంది, దాన్ని దాచకూడదు. వరదకు భయపడి బేస్‌మట్టం మూడడుగులు లేపితే, ముసలివాళ్లకు ఆ మూడడుగులే గండం. చక్రాల కుర్చీకి వాలు దారి కావాలంటే ప్రమాణం ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు, అంటే ఈ మూడడుగులకు 36 అడుగులు. ఇంటి ముందు అంత జాగా ఎవరికీ ఉండదు. ఇంటి పక్కన ఎటూ వదలాల్సిన ఖాళీలో, ప్రహరీ గోడ వెంబడి, వెనక తలుపు దాకా మెల్లగా ఎక్కే దారి వేస్తే చాలావరకు సరిపోతుంది. ముగ్గు పోసే రోజున అనుకుంటేనే ఇది కుదురుతుంది. తర్వాత అక్కడ సంపు, మోటారు, సెప్టిక్ ట్యాంకు మూత వచ్చేస్తాయి. జాగా అసలు లేకపోతే ఆరంగుళాలకు మించని మెట్లు, రెండు పక్కలా కడ్డీలు, నడుమ ఆగి ఊపిరి తీసుకోవడానికి ఒక చదును. పాత ఇళ్ల అరుగు చేసిన పని అదే. మెట్లెక్కిన మనిషి కూర్చునేది, కూర్చున్న మనిషి వీధితో మాట్లాడేది. ప్రహరీ గోడలు లేచాక ముసలివాళ్లకు కూర్చునే చోటూ పోయింది, మాటల తోడూ పోయింది. కొత్త ఇంట్లో రెండడుగుల వెడల్పు అరుగు ఒక్కటి కట్టుకున్నవాళ్లు మంచి పని చేశారనే చెప్పాలి.

లోకంలో ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో ఎలీనర్ స్మిత్ అనే మహిళ 1987లో అట్లాంటాలో ఒక ఉద్యమం మొదలుపెట్టింది. ఆమె అడిగినవి మూడే. మెట్టు లేని ప్రవేశం ఒకటి, వెడల్పయిన తలుపులు, కింది అంతస్తులో ఒక బాత్రూము. ఇంట్లో ఈ రోజు వికలాంగులు ఉన్నా లేకపోయినా ప్రతి కొత్త ఇంటికీ ఇవి ఉండాలన్నది ఆమె వాదన. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1999 నుంచి కొత్త ఇళ్లన్నిటికీ ఇలాంటి నియమాలు ఉన్నాయి. జపాన్ 2000లో తెచ్చిన వృద్ధుల సంరక్షణ బీమా కింద, ఇంట్లో కడ్డీలు బిగించడానికి, గడపలు తీసి సమం చేయడానికి 2 లక్షల యెన్‌ల పనిదాకా సాయం ఇస్తుంది. కట్టేశాక మార్చడానికి ఒక దేశం ఇంత డబ్బు పెడుతోంది. కట్టేటప్పుడే అనుకుంటే ఇక్కడ అందులో కొంతతో అయిపోతుంది.

వంటింటి సంగతి ఆడవాళ్లను అడగాలి. అడగరు. వంటగట్టు ఎత్తు మేస్త్రి అలవాటు ప్రకారం ఉంటుంది. పొట్టి మనిషికి భుజాలు లాగుతాయి, పొడుగు మనిషికి నడుము విరుగుతుంది. వంట చేసే మనిషిని నిలబెట్టి మోచేతికి కాస్త కిందుగా గీత గీస్తే అయిపోయే పని అది. పొగ లాగే ఫ్యానుకు గోడలో రంధ్రం, మిక్సీకీ గ్రైండరుకూ ఫ్రిజ్జుకూ వేర్వేరు ప్లగ్గులు, ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు నేలకు తగలకుండా పెట్టుకోవడానికి ఒక గట్టు. నెల్లూరు జిల్లా కాబట్టి ఇంకోటి తప్పదు. చేపలు కడుక్కోవడానికి వెనక వాకిట్లో ఒక బండ, దానిమీద కొళాయి, కింద నీరు పోయే దారి, పైన నీడ. పాత ఇళ్లలో పెరట్లో ఇది దానంతటదే ఉండేది. నాలుగు సెంట్ల స్థలంలో అంచు దాకా కట్టేసిన కొత్త ఇళ్లలో పులుసు చేప వంటింటి సింకులోనే తోమాల్సి వస్తోంది. ఆ సింకు గొట్టం ఎన్నిసార్లు మూసుకుపోతుందో ఆ ఇంటి ఇల్లాలికే తెలుసు.

వైర్ల దగ్గర ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇన్వర్టరుకు విడి వైరింగు, మంచి ఎర్తింగు, షాకు ప్రాణం మీదికి తెచ్చేలోపు కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల పరికరం, మంచానికి రెండు పక్కలా ప్లగ్గు. ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడనూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవాలి. గొట్టం ఎక్కడుందో, వైరు ఎక్కడుందో పదేళ్ల తర్వాత మేకు కొట్టేవాడికి చెప్పేది ఆ ఫోటోనే. దీనికి పైసా ఖర్చు లేదు.

సోలార్ మాత్రం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సినది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల దాకా రాయితీ ఇస్తోంది. వాటికి నీడ పడని జాగా సుమారు 300 చదరపు అడుగులు కావాలి. చాలా ఇళ్ల మీద నీళ్ల ట్యాంకు, మెట్ల గది నైరుతి మూలన ఎత్తుగా ఉంటాయి. చలికాలం మధ్యాహ్నాల్లో వాటి నీడ ఈశాన్యం వైపు, అంటే ఖాళీగా ఉన్న మిద్దె మీదికే సాగుతుంది. ట్యాంకు తీయమని ఎవరూ అనరు. ఆ నీడ ఎంతదూరం పోతుందో ముందే చూసుకుని పలకల జాగా అనుకోవాలి. మిద్దె మీంచి మీటరు పెట్టె దాకా ఒక ఖాళీ గొట్టం గోడలో దింపి ఉంచుకోవాలి. లేకపోతే కొత్తగా రంగు వేసిన గోడ మీద వైరు వేలాడుతుంది.

సెప్టిక్ ట్యాంకు గురించి ఎవరికీ మాట్లాడాలని ఉండదు, మాట్లాడక తప్పదు. కారు పెట్టే చోట కింద కట్టి, పైన టైల్సు పరిచేసి, మూత ఎక్కడుందో కూడా మరిచిపోయిన ఇళ్లున్నాయి. నిండిన రోజున టైల్సు పగలగొట్టాలి. మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రం గొట్టం తిన్నగా అందేలా మూత వీధి వైపు ఉండాలి. ఇంకొకరి ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి ఇందులో ఇంటివాళ్ల ఇష్టాయిష్టాలకు చోటు లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ స్థలమూ డబ్బూ ఉన్నవాళ్ల ఇళ్ల గురించే. వాళ్లకైనా ప్లాను మార్చుకునే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన పేదల ఇళ్ల పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం, అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, లక్షా 80 వేల సాయం. అందరికీ ఒకే నమూనా. నెల్లూరు వానకూ, అనంతపురం ఎండకూ, అరకు చలికీ ఒకే కిటికీ, ఒకే సజ్జ. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025లో పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అంది. స్థలం పెరగడం మంచిదే. దానితోపాటు నమూనా కూడా జిల్లాకు తగ్గట్టు మారాలి. చిన్న ఇల్లు కట్టుకునే కుటుంబానికి తప్పు దిద్దుకునే డబ్బు మళ్లీ చేతికి రాదు. అందుకే సరైన సజ్జ, తెల్ల కప్పు, వెడల్పు తలుపు వాళ్లకే ముందు అందాలి.

యంత్రాంగం లేదని చెప్పే వీలు లేదు. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలున్నాయి, వాటిలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నారు. కొత్త ఇల్లు కట్టబోయే ప్రతి ఒక్కరికీ ఆయన చేతుల మీదుగా ఒక కాగితం అందాలి. ఆ వీధి రోడ్డు చివరికి ఏ ఎత్తుకు వస్తుంది, 2021 వరద ఆ స్థలంలో ఎంత ఎత్తున నిలిచింది, వాన నీరు ఏ కాలువలో కలవాలి అన్నవి అందులో ఉండాలి. సచివాలయం గోడ మీదో, బడి గోడ మీదో వరద గుర్తును రంగుతో గీసి ఏడాది రాయాలి. గుర్తున్నవాళ్లు ఊళ్లో ఉండగానే ఆ పని చేయాలి. ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకులు పునాదికి ఒక వాయిదా, శ్లాబుకు ఒక వాయిదా అని డబ్బు విడుదల చేస్తాయి. ప్లాస్టరింగు వాయిదా ఇచ్చే ముందు వైర్లూ గొట్టాల పటం, కింది అంతస్తు బాత్రూము కొలతలు చూపించమని అడిగితే, అప్పు తీసుకున్నవాళ్లకే మేలు. జిల్లాలోని పాలిటెక్నిక్‌లలో సివిల్ చదివే పిల్లలకు సెలవుల్లో ఈ జిల్లా ఊళ్లలో కట్టి పదేళ్లయిన ఇళ్లను చూసి, ఇంటివాళ్లు ఏం మార్చుకున్నారో రాసుకురమ్మని పని ఇవ్వొచ్చు. ఆ నోటు పుస్తకాలు ఆ ఇంజినీరింగ్ అసిస్టెంట్ల బల్లల మీద ఉంటే, ఇక్కడి వానకూ ఎండకూ తగ్గ నమూనాలు గీయడానికి ఎవరూ దూరం పోనక్కరలేదు.